కెమెరా గోలీ కోసం ఆగకండి

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర ఒక ఊరు. నేను హనుమకొండలో కాలేజీలో పాఠాలు చెబుతాను. మా బాపుకు 58 ఏళ్లు. పత్తి, మిర్చి వేస్తాడు. ఏడాది కింద గుండెకు స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గోలీలు వాడుతున్నాడు. షుగర్ ఉంది. చుట్ట మానలేదు. ఛాతీలో మంట అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ పాన్ ఫార్టీ అనే గ్యాస్ గోలీ ఇచ్చాడు, ఏడాదిగా అదే నడుస్తోంది. రెండు నెలల నుంచి ముద్ద మధ్యలో ఆగుతోందని నీళ్లు తాగి దించుకుంటున్నాడు. మొలతాడు వదులైందని అమ్మ అంటోంది. ఇక్కడి డాక్టర్ ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా పైపు దించి చూసే పరీక్ష, చేయించమన్నారు. బాపు ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఇరవై ఏళ్ల కింద మా పెద్దబాపుకు పైపు వేస్తుంటే పక్కనే ఉన్నాడట. "నలుగురు అదిమి పట్టిండ్రు, గొర్రె లెక్క కొట్టుకున్నడు" అంటాడు. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఇప్పుడు కెమెరా గోలీ మింగితే చాలట, లేకుంటే ఏఐ ఉన్న దవాఖానకు పోదాం, వరంగల్‌లో అయితే పిల్ల డాక్టర్లు నేర్చుకోవడానికి చేస్తారు అంటున్నాడు. బాపేమో పత్తి ఏరడం అయిపోయాక, సంక్రాంతికి చూద్దామంటున్నాడు. అందరికీ అదే పైపు వేస్తారు కదా, రోగాలు అంటవా? వారం ముందు గుండె గోలీలు ఆపమని ఆర్‌ఎంపీ చెప్పాడు, ఆపాలా? పరీక్ష అయ్యాక ఏం పెట్టాలని అమ్మ అడుగుతోంది.
— ఒక కూతురు

జవాబు: అమ్మా, ముందు తేదీ సంగతి. సంక్రాంతి దాకా ఆగొద్దు. ఇది చదివిన రోజు నుంచి రెండు వారాలు దాటకుండా బాపుకు ఎండోస్కోపీ జరగాలి, వీలైతే ఈ వారమే. పత్తి ఎక్కడికీ పోదు, కైకిలోళ్లతో ఏరించవచ్చు.

మంట గురించి రాసిందంతా చదివాను కానీ నా కన్ను ఆగింది రెండు మాటల దగ్గర. ముద్ద మధ్యలో ఆగుతోంది. మొలతాడు వదులైంది. ఆ వయసు మనిషిలో ఈ రెండూ జంటగా కనిపిస్తే మేం మందు మార్చి చూద్దాం అనుకోం, లోపలికి చూస్తాం. అమ్మను ఒక సంగతి అడగండి: బాపు కంచంలో మొదట ఏది పక్కకు నెట్టాడు? జొన్నరొట్టె, మటన్ ముక్క మొదట మానేసి, తర్వాత అన్నం మెత్తగా పిసుక్కొని, ఇప్పుడు గటకలో చల్ల పోసుకొని జుర్రుకునే దాకా వచ్చాడంటే ఆహారనాళం ఎక్కడో సన్నబడుతోందని అనుమానించాలి. అట్లా కాక, మొదటి రోజు నుంచే రొట్టె, నీళ్లు రెండూ ఒకే తీరుగా ఆగుతున్నాయి, పడుకుంటే తిన్నది దిండు మీదికి వస్తోంది అంటే కథ వేరు. అప్పుడు దారి బాగానే ఉండి, కింద కడుపు మొదట్లో ఉండే కండరం తెరుచుకోవడం లేదేమో చూడాలి. దాన్ని అకలేసియా అంటాం. ఈ తేడా ఇంటి ఆడవాళ్లు మా కంటే బాగా చెబుతారు, ఎంగిలి కంచం ఎత్తేది వాళ్లే కాబట్టి. అమ్మ చెప్పింది కాగితం మీద రాసుకొని డాక్టర్ చేతిలో పెట్టండి.

సన్నబడడానికి కారణాలు ఒకటి కాదు. ఏళ్ల తరబడి పుల్లటి రసం పైకి తన్ని, పుండై, అది మానిన మచ్చ బిగుసుకుపోయి ఉండొచ్చు. గడ్డ కావచ్చు. క్యాన్సర్ అనే మాట రాయకుండా దాటేయొచ్చు, కానీ చుట్ట తాగే 58 ఏళ్ల మనిషి విషయంలో ఆ మాట మనసులో పెట్టుకోకుండా జవాబు రాస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. ఉత్తరం చూసి రోగం పేరు నేను చెప్పను, చెప్పకూడదు. బాపుకు కూడా ఆ పేరు పెట్టి భయపెట్టకండి. ముద్ద ఎందుకు ఆగుతోందో చూసొద్దాం, అంతే అనండి.

పాన్ ఫార్టీ గురించి ఒక మాట. అది కడుపులో పులుపు తగ్గిస్తుంది, సన్నబడిన దారిని వెడల్పు చేయలేదు. మంట తగ్గింది కదా అని లోపల జరిగేది మరిచిపోయేలా చేయడమే దాంతో వచ్చిన చిక్కు. ఆర్‌ఎంపీని తిట్టడానికి ఇది రాయడం లేదు. అర్ధరాత్రి కడుపునొప్పి అంటే తలుపు తీసేది అతనే. కానీ సంవత్సరం పాటు గ్యాస్ గోలీ నడిపిస్తున్నప్పుడు ఒక్కసారైనా ఎందుకు అని అడగాలి కదా. అట్లాగని ఇప్పుడు కోపంతో ఆ గోలీ ఆపేయొద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడే మనిషి కడుపుకు అది కాపలా. క్లోపిడోగ్రెల్ పనిని ఒమెప్రజోల్ అనే ఇంకో గ్యాస్ గోలీ కొంత తగ్గిస్తుంది, పాన్ ఫార్టీలో ఉండే పాంటోప్రజోల్‌తో ఆ బెడద తక్కువ, ఆ లెక్కన మీ ఆర్‌ఎంపీ మంచి గోలీనే ఎంచుకున్నాడు. పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. పరీక్ష చేసే డాక్టర్‌కు మాత్రం ఏడాదిగా వాడుతున్నాడని చెప్పండి. కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి ఉందా అని చూసే పరీక్షలు ఈ గోలీ వాడకంలో ఉంటే ఉన్నదాన్ని లేదని చూపించే ప్రమాదం ఉంది.

ఇక తమ్ముడి కెమెరా గోలీ. అది నిజమే, మంచిదే. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన దగ్గరా చాన్నాళ్ల నుంచి వాడుతున్నారు. పెద్ద విటమిన్ క్యాప్సూల్ అంత ఉంటుంది, పొడుగు 26 మిల్లీమీటర్లు, లావు 11. మింగితే దాదాపు ఎనిమిది గంటల పాటు ఫొటోలు తీసుకుంటూ పోతుంది, నడుముకు కట్టిన పెట్టెలోకి వేలకు వేలు చేరతాయి. పైనుంచి వేసే స్కోప్‌కు (ఆ కెమెరా పైపునే మేం స్కోప్ అంటాం), కిందినుంచి వేసే స్కోప్‌కు రెండింటికీ అందని చిన్నపేగు దాని అసలు ఇలాకా. రక్తం పోతోంది, ఎక్కడి నుంచో తెలియడం లేదు అన్నప్పుడు దాన్ని మించింది లేదు. కానీ బాపుకు చూడాల్సింది ఆహారనాళం. అక్కడ ఆ గోలీ నిలబడదు, కొన్ని సెకన్లలో జారిపోతుంది. అనుమానం ఉన్నచోట ఆగి రెండోసారి చూడలేదు, కడగలేదు, పరీక్షకు పంపడానికి చిన్న ముక్క తీయలేదు. పైగా ముద్దే ఆగుతున్న దారిలో ఆ గోలీ ఆగదని ఏం నమ్మకం? దారి సన్నబడిందన్న అనుమానం ఉన్నవాళ్లకు ఇవ్వొద్దన్నది దాని మొదటి నియమం. ఇరుక్కుంటే దాన్ని బయటికి తీయడానికి మళ్లీ అదే పైపు వేయాలి. బాపు ఏ పైపుకు భయపడి గోలీ మింగాడో ఆ పైపే!

ఏఐ మాటా అంతే. అది ఎక్కువగా పనికొస్తున్నది పెద్దపేగు పరీక్షలో. కొలనోస్కోపీ చేస్తుంటే తెర మీద పాలిప్ అనే చిన్న కండ కనిపించగానే దాని చుట్టూ ఒక చదరం గీసి చూపిస్తుంది. అమెరికాలో 2021లో దానికి అనుమతి వచ్చింది. మంచి తోడే. కానీ తెర మీదికి రానిదాన్ని ఏఐ చూపించలేదు. మడత వెనక ఏముందో తెలియాలంటే స్కోప్ పట్టినవాడు ఆ మడతను విప్పాలి. మలం అడ్డముంటే కడగాలి. తొందరపడి స్కోప్ లాగేసేవాడి చేతిలో ఏఐ ఉన్నా లేనట్టే. ఇంకో సంగతి మీ తమ్ముడికి చెప్పండి, అతని రంగం కాబట్టి ఆసక్తిగా వింటాడు. 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఏఐతో చేయడం అలవాటైన డాక్టర్లు అది లేకుండా చేసిన పరీక్షల్లో, క్యాన్సర్‌గా మారే రకం పాలిప్ కనీసం ఒకటి దొరికిన వాళ్ల శాతం అంతకుముందు 28.4 ఉండేది, 22.4కు పడిపోయింది. మ్యాప్ చూసి బండి నడిపేవాడికి దారి గుర్తుండదు కదా, అట్లా. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు అందుకే మొదట ఉత్త కళ్లతో చూడమంటాను.

బాపుకు నిజంగా పనికొచ్చే కొత్తదనం ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ ప్రకటన వేయరు. స్కోప్ మీద ఒక మీట నొక్కితే తెల్లటి వెలుతురు పోయి నీలం, ఆకుపచ్చ వెలుగు మాత్రమే పడుతుంది. రక్తం ఆ వెలుగును పీల్చేస్తుంది కాబట్టి లోపలి పొరలో ఉన్న సన్నటి రక్తనాళాలు ముదురు గోధుమ గీతల్లా తేలుతాయి. మామూలు వెలుతురులో కాస్త ఎర్రబడినట్టు మాత్రమే కనిపించే చోటు, ఆ వెలుగులో చాపకు అంటిన చాయ్ మరకలా విడిగా కనిపిస్తుంది. ముక్క ఎక్కడ తీయాలో చేతికి తెలుస్తుంది. ఇప్పుడు వస్తున్న మంచి మిషన్లలో ఇది ఉంటోంది. ఉన్నా నొక్కాలి మరి. ఏఐ ఉందా అని కాదు, తొందర లేకుండా చూసే డాక్టర్ ఎవరని అడగండి.

ఇప్పుడు పెద్దబాపు గొర్రె కథ. అది అబద్ధమని నేను అనను. నేను నేర్చుకున్న రోజుల్లో మా చేతికి వచ్చినవి ఫైబర్ స్కోపులు. వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగులు వేలకొద్దీ కట్టగా కట్టి ఉండేవి, పైన ఒక కంటి గొట్టం. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను దానికి ఆనించి చూడాలి. పోగు ఒకటి విరిగితే బొమ్మలో ఒక నల్ల చుక్క. పాత స్కోప్‌లో చూస్తే ఉప్మాలో ఆవాలు చల్లినట్టుండేది. ఏది పుండో ఏది విరిగిన పోగో తేల్చుకునే లోపు పేషెంట్ ఓపిక అయిపోయేది. లోపల కనిపించేది చూసేవాడికి ఒక్కడికే కాబట్టి పక్కన ఉన్న సిస్టర్‌కు ఏం జరుగుతోందో తెలియదు, మా సార్‌కు తెలియదు. ఆయన చూడాలంటే నేను తప్పుకోవాలి, లేదా పక్కకు ఇంకో గొట్టం తగిలించాలి, అప్పుడు వెలుతురు సగమయ్యేది. గొంతుకు మందు చల్లి అది పట్టే దాకా ఆగే తీరిక ఉండేది కాదు, బయట నలభై మంది. ఆ హడావిడిలో మనుషుల్ని అదిమి పట్టాం. నేనూ పట్టాను. మీ పెద్దబాపు అట్లాంటి ఏ బల్ల మీద పడుకున్నాడో.

ఇప్పుడు స్కోప్ కొసకే కెమెరా ఉంటుంది, అందరూ తెర మీద చూస్తారు. నేర్చుకునేవాడి చేయి తప్పుతుంటే పక్కనున్న సార్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. నేర్పడంలో వచ్చిన పెద్ద మార్పు, నన్నడిగితే, ఈ తెరే. పిల్ల డాక్టర్లు అని తమ్ముడు తీసిపారేసిన వాళ్లు ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ, ఆ తర్వాత మూడేళ్ల డీఎం అనే పై చదువు చదివేవాళ్లు, ముప్ఫైకి అటూ ఇటూ వయసున్నవాళ్లు. పెద్ద సంస్థల్లో మనిషి ముందుకు వచ్చే లోపు సిమ్యులేటర్ల మీద, బొమ్మల మీద చేయి తిప్పుతున్నారు. పిత్తనాళంలోకి వెళ్లే ఈఆర్‌సీపీ లాంటి కష్టమైన పనికైతే కనీసం 200 చేస్తే గానీ వచ్చిందా లేదా అని పరీక్షించడం కూడా మొదలుపెట్టొద్దని అమెరికా వాళ్ల లెక్క. నేర్చుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి, రేపు నాకు వేసేది వాళ్లే. అయితే ఎవరు చేస్తున్నారు, పక్కన పెద్ద డాక్టర్ నిలబడతారా అని అడిగే హక్కు మీకుంది. వరంగల్‌లోని సర్కారు దవాఖాన ఎంజీఎంలోనైనా, కార్పొరేట్‌లోనైనా. అడిగినందుకు ముఖం మాడ్చుకునే చోట చేయించుకోకండి.

ఆ గదిలో ఏం జరుగుతుందో వరుసగా చెబుతాను, బాపుకు చదివి వినిపించండి. చొక్కా పై గుండీ విప్పి, కట్టుడు పళ్లుంటే తీసి పెట్టుకోమంటారు. కదులుతున్న పన్ను ఉంటే ముందే చెప్పాలి. గొంతులో మందు చల్లుతారు, చేదుగా ఉంటుంది, కాసేపటికి గొంతులో ఏదో బరువు పెట్టినట్టు మొద్దుబారుతుంది. ఉమ్మి మింగలేకపోతున్నా అనిపిస్తుంది, నిజానికి మింగుతూనే ఉంటారు. ఎడమ పక్కకు ఒరిగి పడుకోవాలి. పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. స్కోప్ లావు తొమ్మిది, పది మిల్లీమీటర్లు, చిటికెన వేలు కన్నా సన్నం. నాలుక వెనక్కి రాగానే ఒక్కసారి మింగమంటారు. ఆ ఒక్క గుటకే కష్టం. ఊపిరి ఆడదేమోనన్నది అందరి భయం, కానీ గాలి పోయే గొట్టం వేరు, ముక్కుతో మెల్లగా పీల్చుకుంటూ ఉంటే చాలు. ఉమ్మిని మింగొద్దు, బుగ్గ మీది నుంచి కారనివ్వాలి, సిగ్గుపడేదేం లేదు, కింద టవల్ ఉంటుంది. త్రేన్పులు వస్తాయి, కడుపులోకి గాలి పంపుతాం కదా. మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి సిస్టర్ చేయి పట్టుకొని కళ్లు గట్టిగా మూసుకొని పడుకున్నాడు. పని ముగించి రింగు తీశాక, కళ్లు తెరవకుండానే, "ఇగ పెట్టుండ్రి బిడ్డా, ఓర్సుకుంట" అన్నాడు. సిస్టర్ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

మత్తు సూది కావాలా? అడగొచ్చు. ఇచ్చే చోట వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, బీపీ పట్టీ, చూసుకోవడానికి విడిగా ఒక మనిషి ఉండాలి. బాపుకు గుండె స్టెంట్ ఉంది కాబట్టి, లోతైన మత్తు అయితే మత్తు డాక్టర్ ఉన్నచోటే. నేనైతే ముందు మందు చల్లి చేసి చూద్దాం అంటాను. సన్నటి స్కోపులు కూడా వచ్చాయి, ఐదారు మిల్లీమీటర్లవి, ముక్కులోంచి దింపేవి. వాంతి వచ్చినట్టుండే ఆ బాధ వాటితో బాగా తక్కువ. దొరికితే మంచిదే, దాని కోసం నెల ఆగడం మంచిది కాదు. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపొద్దు, పొలం కాగితాల మీద సంతకం పెట్టొద్దు.

భయం పోగొట్టడానికి ఇంకో మాట పనికొస్తుందేమో చూడండి. వంగే ఫైబర్ స్కోప్ తయారుచేసిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టర్ 1957లో దాన్ని మొదట దింపుకున్నది తన గొంతులోకే. అప్పుడు అది ఇప్పటి దానికన్నా మొద్దుగా ఉండేది.

పైపు శుభ్రం గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న, దీన్ని చిన్నబుచ్చే డాక్టర్ ఎవరైనా ఉంటే అతనికే తెలియదన్నమాట. నేను చేరిన మొదటి నెల మా సార్ నన్ను స్కోప్ పట్టనివ్వలేదు, కడగమన్నారు. అప్పుడు కోపమొచ్చింది. పేషెంట్ నోట్లోంచి బయటికి రాగానే అక్కడికక్కడే పైన తుడిచి, సబ్బునీళ్లు లోపలి గొట్టంలోంచి పీల్చాలి. ఎండిపోయిందంటే తర్వాత ఎంత తోమినా రాదు, గంజి అంటిన గిన్నె లాగే. తర్వాత నీళ్లలో ముంచి గాలి ఎక్కించి ఎక్కడైనా బుడగలు వస్తున్నాయా చూడాలి, వస్తే చిల్లు పడిందని. పొడుగాటి సన్న బ్రష్‌ను ప్రతి దారిలోంచి ఇటు నుంచి అటు దూర్చాలి, కొస శుభ్రంగా వచ్చే దాకా. అప్పుడు గానీ మందులో వేయకూడదు. గ్లూటరాల్డిహైడ్ 2 శాతం అయితే 20 నిమిషాలు మునిగి ఉండాలి. తీసి మంచి నీళ్లతో కడిగి, గాలి కొట్టి లోపల ఆరబెట్టి, నిలువుగా వేలాడదీయాలి. తడి మిగిలితే రాత్రికి రాత్రి క్రిములు పెరుగుతాయి. ఇదంతా సరిగ్గా చేస్తే ఒకరి రోగం ఇంకొకరికి అంటడం చాలా చాలా అరుదు. చేస్తేనే. ఒకచోట, పేరు ఎందుకులే, బకెట్‌లో రెండు ముంచులు ముంచి తర్వాతి పేషెంట్‌ను పిలవడం నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచి నేను అందరికీ ఒక చిన్న లెక్క చెబుతుంటాను: కడగడానికి, నానబెట్టడానికి, ఆరబెట్టడానికి కలిపి ఒక్కో స్కోప్‌కు అరగంట పైనే పడుతుంది. అక్కడ స్కోపులు ఎన్ని, పొద్దున్నుంచి ఎంతమందికి చేశారు అని సిస్టర్‌ను మామూలుగా మాటల్లో అడగండి. ఒకే స్కోప్, రెండు గంటల్లో పది మంది అంటే, లేచి వచ్చేయండి. ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి: 2015లో అమెరికాలో పెద్ద పేరున్న దవాఖానల్లో ఈఆర్‌సీపీ స్కోప్ వల్ల పేషెంట్లకు మొండి క్రిములు అంటుకున్నాయి. ఆ స్కోప్ కొసన చిన్న మీట ఒకటి ఉంటుంది, దాని సందుల్లోకి బ్రష్ పోలేదు. తర్వాత కొసను వాడి పారేసేలా మార్చుకుంటూ వచ్చారు. బాపుకు వేసే స్కోప్‌లో ఆ మీట ఉండదు.

గుండె గోలీలు. ఇక్కడ నా గొంతు కాస్త పెంచుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆపొద్దు. లోపల చూసి, చిన్న ముక్క తీసే పరీక్షకు ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఆపాల్సిన పని లేదు. స్టెంట్ ఉన్న మనిషి సొంతంగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. ముక్క తీసిన చోట కారే నాలుగు చుక్కల రక్తం దాని ముందు ఏపాటి? రేపు దారి వెడల్పు చేయాల్సి వస్తే అప్పుడు క్లోపిడోగ్రెల్ ఐదు నుంచి ఏడు రోజులు ఆపే మాట వస్తుంది, అదీ స్టెంట్ వేసిన గుండె డాక్టర్ రాసిచ్చాకే, ఆస్పిరిన్ నడుస్తుండగానే. షుగర్ గోలీ మాత్రం పరీక్ష రోజు పొద్దున వేసుకోవద్దు, పరగడుపున షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ ఉంటే ఎంత తగ్గించాలో డాక్టర్‌ను అడగండి. షుగర్ ఉందని చెప్పి మొదటి నంబర్ అడిగి పెట్టుకోండి. పదకొండింటి దాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టొద్దు.

తిండి ఆరు గంటల ముందు ఆపమని అందరికీ చెబుతాం. బాపుకు అది చాలదు. ముద్ద ఆగే మనిషికి తిన్నది నాళంలోనే నిలిచి ఉంటుంది, స్కోప్ వేసినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. ముందు రోజు మధ్యాహ్నం నుంచే జావ, పల్చటి చల్ల, కొబ్బరినీళ్లు. పొద్దున లేచి "చాయ్ తిండేం గాదు గదా" అంటాడు, పాలు పోసిన చాయ్ కూడా తిండే. చుట్ట కూడా ఆ పొద్దున వద్దు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. పాకదు. బియ్యపు నూక అంత ముక్క, అట్లాంటివి ఆరో ఎనిమిదో తీస్తారు. తీసినట్టు కూడా తెలియదు, లోపలి పొరకు కోత నొప్పి ఉండదు. పైలోరి చూడాలనుకుంటే ఒక ముక్కను పసుపు రంగు పదార్థంలో వేస్తారు, క్రిమి ఉంటే అది కాసేపటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. మిగతావి ఫార్మలిన్ సీసాలో ల్యాబ్‌కు. ఆ సీసా మీ చేతికిచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటే అదే గంటలో ఇచ్చేయండి, దాని మీద బాపు పేరు ఉందో లేదో చూశాకే. ఫొటోలతో ఉన్న రిపోర్టు అడిగి తీసుకోండి, రేపు ఏ దవాఖానకు పోయినా అక్కర పడుతుంది.

వరంగలా, హైదరాబాదా? ఈ పరీక్షకు వరంగల్ చాలు. ఎంజీఎంలో, కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ) ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ దవాఖానలో ఏ రోజు చేస్తారో ఒకసారి పోయి కనుక్కోండి. హనుమకొండలో ప్రైవేటుగా చేసేవాళ్లూ ఉన్నారు. మచ్చ వల్ల దారి సన్నబడి ఉంటే బెలూన్‌తో వెడల్పు చేయడం ఇక్కడా జరుగుతుంది. కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టిన బాత్‌రూమ్ యాసిడ్‌ను నీళ్లనుకొని తాగిన పిల్లలకు నేను ఎన్నోసార్లు చేశాను. ఆ సీసా మీ ఇంట్లో ఉంటే ఈ రోజే పారేయండి, ఇది మీరు అడగని సలహా. హైదరాబాద్ అవసరం పడేది తర్వాతి మెట్టులో. అకలేసియా అని తేలితే పోయెమ్ అనే పద్ధతి ఉంది: ఒంటి మీద కోత లేకుండా, స్కోప్‌తోనే నాళం గోడలో సొరంగం చేసుకుంటూ పోయి బిగుసుకున్న కండరాన్ని కోస్తారు. జపాన్‌లో ఇనోవె అనే డాక్టర్ 2008లో మొదలుపెట్టారు. క్యాన్సరే అయినా పై పొర దాటకముందే దొరికితే ఆ పొరను లోపలి నుంచే వలిచి తీసే పద్ధతి ఉంది, అదీ జపాన్ వాళ్ల చేతి నేర్పే. ఈ పనులన్నీ చేసే చోటు కాజీపేటలో రైలెక్కితే రెండు, మూడు గంటల దూరంలో ఉండడం మన అదృష్టం. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి విదేశాల డాక్టర్లు నేర్చుకోవడానికి వస్తారు, దాన్ని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ప్రభుత్వం తరఫున హైదరాబాద్‌లోనే నిమ్స్ దవాఖాన ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, ఏ చికిత్స అందులోకి వస్తుందో దవాఖానలో కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ముందు ఇక్కడి రిపోర్టు చేతికి రానివ్వండి, దాన్ని పట్టుకొని పోతే అక్కడ ఒక వారం కలిసొస్తుంది.

బాపును "బీపీ చూపించొద్దాం రా" అని మభ్యపెట్టి తీసుకురావద్దు. అట్లా తెచ్చిన మనుషులే బల్ల మీద కొట్టుకుంటారు. ఏం చేస్తారో పూర్తిగా చెప్పండి, ఇది ఆయన ఒళ్లు, ఒప్పుకోవాల్సింది ఆయనే. ఒక రోజు ముందు ఆ గది చూపించమని అడిగితే చాలాచోట్ల కాదనరు. అక్కడి సిస్టర్‌తో ఆయనను రెండు మాటలు మాట్లాడనివ్వండి. వద్దనిపిస్తే చేయి ఎత్తు, ఆపుతారు అని చెప్పండి. ఆపుతారు కూడా.

పరీక్ష అయ్యాక గొంతు ఒకరోజు గరగరలాడుతుంది, పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, అవి మామూలే. ఛాతీలో గానీ మెడలో గానీ గట్టి నొప్పి, మెడ ఉబ్బడం, జ్వరం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా తెల్లారనీయకుండా అదే రాత్రి ఎంజీఎం క్యాజువాలిటీకి.

అమ్మ అడిగిన దానికి: గొంతు మొద్దు వదిలే దాకా, దాదాపు గంట, మంచినీళ్లు కూడా వద్దు. మొదట ఒక గుక్క నీళ్లు తాగించి చూడమనండి, దగ్గు రాకపోతే చల్లారిన గంజిలో ఉప్పు వేసి ఇవ్వొచ్చు. సాయంత్రానికి మెత్తటి అన్నం, పెరుగు. పచ్చిపులుసు రెండు రోజులాగి చేయమనండి.